కోడ్ చోటు మారినా చరిత్ర దొరకాలంటే: గిట్ చిట్కాలు

1. ఫైలు పేరు మార్చడం, అందులోని కోడ్ దిద్దడం ఒకే కమిట్‌లో పెట్టకండి. ముందు పేరు మార్చి కమిట్ చేయండి, ఆ తర్వాతే లోపల చేయి పెట్టండి. పేరు మారిన సంగతి గిట్ ఎక్కడా రాసుకోదు. ప్రతి కమిట్‌లో ప్రాజెక్టు ఎలా ఉందో దాచుకుంటుంది, అంతే. మనం తేడా అడిగినప్పుడు పోయిన ఫైలునీ కొత్త ఫైలునీ పోల్చి, కనీసం 50% కలిస్తే పేరు మారిందంటుంది. అంతకు తగ్గితే ఒకటి పోయి వేరొకటి పుట్టిందని తేల్చేస్తుంది. అన్నట్టు, మీ టీములో స్క్వాష్ మెర్జ్ అలవాటుంటే రెండు కమిట్లూ కలిసిపోయి ఈ జాగ్రత్తంతా బూడిదలో పోసిన పన్నీరే. అలాంటిచోట పేరు మార్పుకు విడిగా పుల్ రిక్వెస్ట్ పెట్టండి.

2. ‘గిట్ ఎంవీ’ వాడితే చరిత్ర భద్రమనుకోకండి. మామూలుగా ఫైలు జరిపి యాడ్ చేసినా ఫలితం అదే. సబ్‌వర్షన్, మెర్క్యూరియల్‌లలో మాత్రం వాటి మూవ్ కమాండ్‌తో జరిపితే ఆ సంగతి నిజంగానే నమోదవుతుంది.

3. పాత పేరు నాటి కమిట్లు కనిపించకపోతే ‘గిట్ లాగ్’కు ‘ఫాలో’ తగిలించండి. ఒకసారికి ఒక ఫైలే.

4. పెద్ద ఫైలును ముక్కలు చేశాక ‘గిట్ బ్లేమ్’ చూస్తే కొత్త ఫైళ్లలో ప్రతి లైనూ విడగొట్టినవాళ్ల పేరు మీదే ఉంటుంది. క్యాపిటల్ ‘సీ’ ఆప్షన్ ఇవ్వండి. అదే కమిట్‌లో మారిన మిగతా ఫైళ్లలో వెతికి అసలు రాసినవాళ్లను చూపిస్తుంది. మరీ పొట్టి ముక్కలను వదిలేస్తుంది.

5. ఫార్మాటర్ నడిపిన కమిట్ ఒక్కటి చాలు, బ్లేమ్ అంతా పాడు చేయడానికి. అలాంటి కమిట్ల పూర్తి ఐడీలను లైనుకొకటి చొప్పున ఒక ఫైలులో రాసి, ‘బ్లేమ్ ఇగ్నోర్ రెవ్స్ ఫైల్’ సెట్టింగులో ఆ ఫైలు పేరివ్వండి. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఈ వసతి ఉంది. ఐడీని మెర్జ్ అయ్యాకే రాయండి, రీబేస్ చేస్తే అది మారిపోతుంది. ఎవరి మెషీన్‌లో వాళ్లు ఈ సెట్టింగు పెట్టుకోవాలి.

6. రివ్యూలో ‘గిట్ డిఫ్’కు ‘కలర్ మూవ్డ్’ పెట్టండి. చోటు మారిన లైన్లు వేరే రంగులో వస్తాయి కాబట్టి నిజంగా మారినవే చదువుకోవచ్చు.

7. ఒక ఫంక్షన్ ఎప్పుడు ఏ ఫైలుకు మారిందో తెలియకపోతే ‘గిట్ లాగ్’కు క్యాపిటల్ ‘ఎస్’, పక్కనే ఆ ఫంక్షన్ పేరు ఇవ్వండి. ఏదైనా ఫైలులో ఆ పేరు వచ్చే లెక్క మారిన కమిట్లు బయటపడతాయి.

8. లైన్లను కాకుండా కోడ్ నిర్మాణాన్నే పోల్చాలంటే డిఫ్టాస్టిక్ అనే టూల్ ఉంది. చదువుకోవడానికి బాగుంటుంది, ప్యాచ్‌కు మాత్రం పనికిరాదు.