పిడికిలి దెబ్బకు బలము పాదములో గలదు

గ్రామమున వ్యాయామశాల కావలెనని యువకులు కోరినపుడు పంచాయతీ సభ్యులకు మొదట కలుగు ఆలోచన ఇనుప సామాను కొనుటను గూర్చియే. సొమ్ము సమకూరును, సామాను వచ్చును, గదిలో అమర్చబడును. నేర్పువారు లేనందున కొలది మాసములకే గదికి తాళము పడుటయు, సామానుకు తుప్పు పట్టుటయు పలుచోట్ల మనము చూచుచున్నదే. అంతకన్న విచారకరమైన విషయము మరియొకటి కలదు. తెలియక బరువులెత్తి నడుము నొప్పి తెచ్చుకొనువారును, తెలియక తలపై దెబ్బలు తినువారును మన పిల్లలే. కావున బలము ఎక్కడ పుట్టును, అది ఎట్లు పెరుగును, పంచాయతీ చేయవలసినదేమి అను మూడు విషయములను ఈ పాఠమున తెలుపుచున్నాము. ఉదాహరణముగా బాక్సింగును గ్రహించితిమి. శరీరబలమంతయు ఒక్క క్షణములో బయటపడు ఆట అది.

దెబ్బ ఎక్కడ పుట్టును?

చూచువారికి కొట్టునది చేయిగా కనిపించును. అందుచేతనే క్రొత్తవారు చేతికండలను మాత్రమే పెంచబూనుదురు. నిజమునకు దెబ్బ నేల నుండి బయలుదేరును. వెనుక పాదము నేలను నొక్కును. ఆ ఒత్తిడి తొడల మీదుగా తుంటికి చేరును. తుంటి తిరుగగా నడుమును, భుజమును తిరుగును. చివరకు చేయి సాగి పిడికిలి తాకును. గొడ్డలితో మొద్దు చీల్చు రైతును చూడుడు. అతడు కాళ్లు నిలద్రొక్కుకొని శరీరమంతటి ఊపును గొడ్డలి అంచునకు చేర్చును. చేతులతో మాత్రమే కొట్టువాడు త్వరలో అలసిపోవును, మొద్దు చీలదు.

సోవియట్ పరిశోధకుల కొలతలు 1985లో ప్రకటింపబడినవి. వాటి ప్రకారము ఆరితేరిన బాక్సర్ల దెబ్బలో కాళ్ల వంతు నూటికి సుమారు 38. క్రొత్తవారి దెబ్బలో సుమారు 17 మాత్రమే. ఇనుపగుండు విసురుటకును, ఈటె విసురుటకును, కబడ్డీలో ప్రత్యర్థిని నిలువరించుటకును ఈ సూత్రమే వర్తించును. శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్సులో రెండు విధములైన ఎత్తులలో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము గెలిచెను. ఆ బరువును తలపైకి చేర్చుటలో ముఖ్యముగా పనిచేయునవి కాళ్లును, తుంటియును.

బలము వేరు, వేగము వేరు

కండరము తన పూర్తి బలమును చూపుటకు సుమారు సెకనులో మూడవ వంతు కాలము పట్టును. దెబ్బకు అంత వ్యవధి ఉండదు. కావున మెల్లగా పెద్ద బరువు ఎత్తగలవాడు తప్పక గట్టిగా కొట్టగలడని తలపరాదు. మొదట బలము కూర్చుకొనవలెను. పిమ్మట ఆ బలమును వేగముగా వాడుట నేర్చుకొనవలెను. చేతిని వదులుగా ఉంచి, తాకు క్షణమున మాత్రమే పిడికిలి బిగించవలెను. మొదటి నుండి బిగబట్టినచో వేగము తగ్గును.

బరువులెత్తినచో కండలు బిగుసుకొని ఆటగాడు మందగించునని పూర్వము శిక్షకులు పలువురు నమ్మిరి. 1985లో అమెరికా బాక్సరు మైకేల్ స్పింక్స్ బరువుల అభ్యాసముతో కూడిన శిక్షణ పొంది, అంతవరకు ఓటమి యెరుగని లారీ హోమ్స్‌ను ఓడించి హెవీవెయిట్ ఛాంపియను అయ్యెను. అటుపిమ్మట ఆ నమ్మకము సడలెను. క్రమము తప్పని బరువుల అభ్యాసము వేగమునకు శత్రువు కాదు.

అభ్యాసక్రమము

ఖర్చు లేని సాధనములు మన తాలింఖానాలలో పూర్వము నుండియు కలవు. 20వ శతాబ్దారంభమున దేశమంతట కీర్తి గడించిన కోడి రామమూర్తి నాయుడు గారు తాలింఖానా సాధన చేసి పైకి వచ్చినవారే. వారమునకు మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఈ వరుసను పాటింపవచ్చును.

1. పది నిమిషములు మెల్లని పరుగు, తాడాట. చలిశరీరముతో బరువు ముట్టరాదు.
2. కాళ్లకు బస్కీలు. ఒక విడతకు పండ్రెండు సులభముగా చేయగలిగిన పిమ్మటనే చిన్న ఇసుకమూటను భుజముపై ఉంచుకొనవలెను.
3. రొమ్మునకు, భుజములకు దండీలు. వీపునకు చెట్టుకొమ్మ పట్టి శరీరమును పైకి లాగుట.
4. రెండు మూడు నెలలు గడచిన తరువాత వేగము కొరకు ఎగిరి దుముకుట, బరువు బంతిని రొమ్ము నుండి విసరుట. వీటిని అలసట లేనపుడే, కొలదిసార్లు మాత్రమే చేయవలెను.

భుజమును అశ్రద్ధ చేయరాదు. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2017లో భుజము గాయము వలన చాలకాలము ఆటకు దూరమయ్యెను. ఓర్పుతో కోలుకొని 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ ఛాంపియను అయ్యెను.

జాగ్రత్తలు

గోనెసంచిలో ఇసుక మాత్రమే నింపి వ్రేలాడదీసినచో ఇసుక అడుగునకు దిగి రాతివలె గట్టిపడును. దానిని గ్రుద్దిన పిల్లల మణికట్టు బెణుకును. పాతగుడ్డలు బాగుగా కూరవలెను. చేతులకు పట్టీలు చుట్టి, తొడుగులు వేసుకొనియే కొట్టవలెను.

తలపై పదేపదే తగిలిన దెబ్బలు మెదడును చెరచునని 1928లోనే వైద్యుడు మార్ట్‌లాండ్ హెచ్చరించెను. తలకు వేయు టోపీ చర్మము చిట్లుటను తగ్గించునే గాని మెదడు అదురుటను ఆపజాలదు. కావున నేర్చుకొను పిల్లలకు తలపై దెబ్బలు లేని అభ్యాసమే చాలును. తల తిరుగుట, వాంతి, మరపు కలిగినచో ఆట వెంటనే ఆపి వైద్యునికి చూపవలెను. వైద్యుడు అనుమతించు వరకు తిరిగి బరిలోనికి రానీయరాదు.

కండలు త్వరగా పెంచునను సూదులను, పేరు తెలియని పొడులను దరిజేరనీయరాదు. జొన్న, పప్పు, వేరుశనగ, గ్రుడ్డు, పాలు, కంటినిండ నిద్ర, ఇవియే మేలైన మందులు.

పంచాయతీ కర్తవ్యము

సభ్యులకు మా మనవి ఇది. యంత్రముల జాబితాకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. నేర్పువారు ఎవరు? ఆడపిల్లలు నిర్భయముగా వచ్చు వేళ ఏది? గాయమైనచో ఎక్కడికి తీసికొనిపోవలెను? వీటికి సమాధానములు దొరికినచో చదును చేసిన నేల, రెండు గుడ్డసంచులు, కొన్ని తాళ్లతోనే పని ప్రారంభింపవచ్చును. సమీప పాఠశాల వ్యాయామోపాధ్యాయుని సలహా కోరుడు. అభ్యాసము చేయువారి పేర్లును, వారు వచ్చిన రోజులును ఒక పుస్తకమున వ్రాయించుడు. ఆరు నెలలు నిలకడగా సాగిన పిమ్మట ఇనుప సామాను కొనుడు. అపుడు ఆ సామానుకు తుప్పు పట్టదు. పిల్లలకు హాని కలుగదు.