మెయిల్ మీది, పేరు మాత్రం వేరొకరిది

ఉదయగిరి, ఆత్మకూరు వైపు చాలామందికి మొదటి మెయిల్ ఐడీ నెట్ సెంటర్‌లోనో జిరాక్స్ షాపులోనో పుట్టింది. 2019లో గ్రామ సచివాలయ ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టిన రోజులు గుర్తున్నాయా? అలాంటి హడావుడిలో షాపు కుర్రాడు పేరు గడిలో ఏదో ఒకటి కొట్టేసి పని కానిచ్చేస్తాడు. అది అప్పట్లో ఎవరికీ పట్టదు. ఇప్పుడు అదే ఐడీ నుంచి ఓ అమ్మాయి హైదరాబాద్ కంపెనీకి రెజ్యూమే పంపితే, అవతల కనిపించేది ఆమె పేరు కాదు, వాళ్ల నాన్న పేరు. ఉదయగిరి చెక్క గరిటెలకు జీఐ గుర్తింపు వచ్చింది, బయటి ఊళ్ల నుంచి ఆర్డర్లు అడుగుతారు. మెయిల్‌లో పంపిన కొటేషన్ మీద ఏదో జిరాక్స్ షాపు పేరు కనబడితే కొనేవాడికి అనుమానం రాదూ?

దిద్దడం పది నిమిషాల పని. అయితే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. మీ మెయిల్ నుంచి ఇద్దరికి, వీలైతే మీ నంబరు గానీ ఐడీ గానీ ఫోన్‌లో సేవ్ చేసుకోని వాళ్లకు, ఒక ఖాళీ మెయిల్ పంపి ఏ పేరు కనిపించిందో అడగండి. ఇద్దరికీ తప్పు పేరే వస్తే లోపం మీ ఖాతాలో ఉంది. ఎవరో ఒక్కరికే తప్పుగా కనిపిస్తుంటే లోపం వాళ్ల దగ్గరే.

మీ ఖాతాలోనే ఉంటే, జీమెయిల్ వాడేవాళ్లు కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ఈ మార్పు ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో కుదరదు. పైన కుడివైపు గేర్ గుర్తు నొక్కి, 'సీ ఆల్ సెట్టింగ్స్' తెరవండి. 'అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్' అనే ట్యాబ్‌లో 'సెండ్ మెయిల్ యాజ్' ఎదురుగా మీ ఐడీ, దాని పక్కన 'ఎడిట్ ఇన్ఫో' ఉంటాయి. దాన్ని నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో పాత పేరు ఒక వరుసలో, ఖాళీ గడి మరో వరుసలో కనిపిస్తాయి. ఖాళీ గడి పక్కన చుక్క పెట్టి, పేరు రాసి, 'సేవ్ చేంజెస్' కొట్టండి.

ఏ పేరు రాయాలి? పదో తరగతి మార్కుల మెమోలో ఉన్నది ఉన్నట్టు రాయడమే మేలు. ఖాతా తెరిచేటప్పుడు గూగుల్ ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు ఇస్తుంది. ఇంటిపేరు రెండో గడిలో వేస్తే మెమోలో ముందుండే 'షేక్' వెనక్కి పోతుంది, రెడ్డిగారి ఇంటిపేరు రెడ్డి తర్వాత వేలాడుతుంది. 'ఎడిట్ ఇన్ఫో'లోని ఖాళీ గడి మాత్రం ఒక్కటే. మీకు నచ్చిన వరుసలో రాసుకోవచ్చు.

కంప్యూటర్ దొరకకపోతే, ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తెరిచి, 'పర్సనల్ ఇన్ఫో'లో పేరు మార్చండి. అయితే డ్రైవ్‌లోనూ మీట్‌లోనూ కూడా కొత్త పేరే కనిపిస్తుంది. కాలేజీ, ఆఫీసు ఇచ్చిన ఐడీ అయితే అక్కడి అడ్మిన్‌ను అడగాల్సి రావచ్చు.

థండర్‌బర్డ్ వాడేవాళ్లకు 'అకౌంట్ సెట్టింగ్స్'లో ఐడీ మీద నొక్కగానే 'యువర్ నేమ్' గడి ఎదురుగానే ఉంటుంది.

షాపులో తెరిచిన ఖాతా అయితే ఇంకో పని తప్పనిసరి. రికవరీ ఫోన్ నంబరు ఎవరిదో చూడండి. షాపు వాళ్లదైతే మీది పెట్టి, పాస్‌వర్డ్ మార్చేయండి. నా లెక్కలో పేరు కంటే ఇదే ముఖ్యం.

ఇక రెండో రకం, అంటే లోపం అవతలివాళ్ల దగ్గర ఉన్నది. థండర్‌బర్డ్, ఐఫోన్ మెయిల్ లాంటివి పంపినవాడు రాసుకున్న పేరును పక్కనబెట్టి, చూసేవాళ్ల కాంటాక్ట్స్‌లో ఉన్న పేరు చూపిస్తాయి. మేనమామ ఎప్పుడో మిమ్మల్ని 'చిన్నోడు ఆత్మకూరు' అని సేవ్ చేసుకుంటే, మీరెన్నిసార్లు దిద్దినా ఆయన తెర మీద చిన్నోడే. ఇంకో చిక్కు ఉంది. ఆయన మీతోపాటు మరో నలుగురికి కలిపి మెయిల్ పెడితే ఆ ముద్దుపేరు 'టూ' వరుసలో అందరికీ వెళ్తుంది. వాళ్లలో ఎవరైనా 'రిప్లై ఆల్' కొడితే వాళ్ల అడ్రస్ పుస్తకంలోనూ అదే చేరవచ్చు. ఇలాంటిచోట దిద్దాల్సింది అవతలివాళ్లే. గూగుల్ కాంటాక్ట్స్‌లో మీ పేరు వెతికి, 'అదర్ కాంటాక్ట్స్' జాబితా కూడా చూసి, తప్పున్నచోట మార్చమనండి. థండర్‌బర్డ్‌లో అయితే 'కలెక్టెడ్ అడ్రెసెస్' చూడాలి. అవుట్‌లుక్‌లో ఐడీ కొడుతుండగా కిందికి వచ్చే పాత పేరు పక్కన ఇంటూ గుర్తు ఉంటుంది, నొక్కితే పోతుంది.

ఇంతకుముందే పంపిన మెయిళ్లలో పాత పేరు అలాగే ఉండిపోతుంది. వాటి గురించి కంగారు పడొద్దు.

కనిపించే పేరు పంపినవాడు తనకు తానే రాసుకున్నదని ఈపాటికి అర్థమై ఉంటుంది. మీ బ్యాంకు పేరు కూడా ఎవడైనా అలాగే రాసుకోగలడు. కాబట్టి డబ్బు, ఓటీపీ, ఆధార్ అడిగే మెయిల్ వస్తే పేరు మీద నొక్కి లోపలి ఐడీ చూడండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' తెరిస్తే 'ఫ్రమ్' వరుసలో పేరూ ఐడీ రెండూ బయటపడతాయి. అప్పటికే డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.