పసిబిడ్డ ముద్ద ఉమ్మేస్తే

పోయిన రంజాన్‌లో మన సొసైటీ రేషన్ కిట్లు పంచిన రోజు పేర్లు రాసుకునే బల్ల దగ్గర నేను కూర్చున్నాను. ఒక అమ్మాయి, ఇరవై రెండేళ్లుంటాయేమో, పది నెలల పాపను చంకనేసుకుని వచ్చింది. కిట్ అందుకుని, అందులోంచి కందిపప్పు పొట్లం తీసి నా ముందు పెట్టింది. "టీచరమ్మా, ఇది మీరే ఉంచుకోండి. దీని బదులు పాలడబ్బా ఒకటి ఇప్పించండి. పప్పన్నం పెడితే ఉమ్మేస్తోంది. చాయ్‌లో ముంచిన బిస్కెట్ తప్ప ఏదీ మింగదు" అంది. వెనకాల క్యూ పెద్దగా ఉంది. "మెల్లగా అలవాటు చెయ్యమ్మా" అని పంపేశాను. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, అంత పనికిరాని జవాబు ఏ పిల్లకూ చెప్పి ఉండను. సావనీర్‌కు వ్యాసం అడగగానే ఆ జవాబును సరిదిద్దుకోవాలనిపించింది. దాతలకు పసిపిల్లల తిండి సంగతి ఎందుకని అనుకోకండి. మీరిచ్చే రూపాయి చివరికి చేరవలసింది ఆ చెంచా దాకానే.

ముందు ఉమ్మడం అంటే ఏమిటో చూద్దాం. పెదవుల మధ్యకు గట్టిది ఏది వచ్చినా నాలుకతో బయటికి తోసేయడం పసిబిడ్డకు పుట్టుకతో వచ్చిన గుణం. ఊపిరి గొట్టంలోకి ఏదీ జారకుండా అల్లాహ్ పెట్టిన కాపలా అది. నాలుగు, ఆరు నెలల మధ్య ఈ గుణం తగ్గుతుంది. అందుకే నాలుగో నెలలోనే ఉగ్గు మొదలుపెట్టి "మా వాడు తినడం లేదు" అని బాధపడడం అనవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలంటుంది. ఆరు నెలలు నిండినా మొదటి వారాల్లో సగం ముద్ద గడ్డం మీదికే వస్తుంది. పాలు చప్పరించడం ఒక విద్య, ముద్దను నాలుకతో వెనక్కి తీసుకెళ్లి మింగడం మరో విద్య. పలక మీద మొదటిసారి దిద్దిన 'అ' వంకరగా ఉందని బిడ్డకు చదువంటే ఇష్టం లేదని ఎవరూ అనరు కదా.

రెండో కారణం కొత్తదనం. తీపి పుట్టుకతోనే ఇష్టం, చేదూ పులుపూ నేర్చుకోవలసినవి. కొత్త రుచిని ఒప్పుకోవడానికి ఎనిమిది, పదిసార్లు, ఒక్కోసారి పదిహేనుసార్లు ఆ రుచి నాలుకకు తగలాలి. మన ఇళ్లలో రెండు మూడుసార్లు చూసి "దీనికి పాలకూర పడదు" అని తీర్పు చెప్పేస్తాం. ఆ తీర్పు తర్వాత పెళ్లయ్యేదాకా మారదు! ముఖం చిట్లించినా రోజు మార్చి రోజు ఒక్క చెంచా, బలవంతం లేకుండా పెడుతూ పోవడమే మందు. అసలు రుచుల పాఠం పుట్టకముందే మొదలవుతుంది. అమెరికాలో గర్భిణులకూ బాలింతలకూ క్యారెట్ రసం తాగించి చేసిన అధ్యయనం 2001లో వచ్చింది. క్యారెట్ కలిపిన తిండి పెట్టినప్పుడు ఆ తల్లుల బిడ్డలు మిగతావాళ్ల కంటే తక్కువగా ముఖం చిట్లించారు. బాలింతకు కారప్పొడి అన్నం తప్ప ఏదీ పెట్టని పెద్దలు ఇది కాస్త ఆలోచించాలి.

మూడోది మిక్సీ. నున్నటి గుజ్జు ఏడు నెలలకు సరే. తొమ్మిది నెలలు దాటినా పలుకులు తగలనివ్వకపోతే నమలడం వెనకబడుతుంది, తర్వాత గట్టి మెతుకు కనపడగానే ఓకరిస్తారు. చేత్తో మెదిపితే చాలు.

ఇక ఆకలి లేకపోవడం. బిడ్డ కడుపు కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది. ఎనిమిది కిలోల పాపకు ఒక్క పూటలో పట్టేది ఒక కప్పు. తిండికి అరగంట ముందు చాయ్‌బిస్కెట్ పెడితే ఆ కప్పులో చోటు ఎక్కడిది? పైగా చాయ్ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు దాచుకున్న ఇనుము ఆరు నెలలకు తరిగిపోతుంది, తల్లిపాలలో ఉండేది చాలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. ఆరు నుంచి ఇరవై మూడు నెలల పిల్లల్లో తగినంత తిండి అందుతున్నది నూటికి 11 మందికే. ఆ పిల్లలే ఆరేళ్లకు నా తరగతిలో కూర్చుంటారు. పాలిపోయిన ముఖంతో బల్ల మీద తల వాల్చిన పిల్లను బెత్తంతో లేపిన రోజులు నాకున్నాయి. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

బలవంతం గురించి చెప్పాలంటే నా తప్పే చెప్పాలి. నా పెద్దకొడుకు ఎనిమిది నెలలవాడు. కాళ్ల మీద పడుకోబెట్టి, ముక్కు మూసి, నోరు తెరవగానే ఉగ్గు పోశాను. అందరూ అలాగే పోసేవాళ్లు, నేనూ పోశాను. వాడికి పొలమారింది. ఊపిరి అందక పెదవులు నీలంగా మారాయి. బోర్లా తిప్పి వీపు మీద చరిస్తే, అల్లాహ్ దయ, తిరిగి ఏడ్చాడు. ఆ తర్వాత చాలా నెలలు ఆ వెండి గిన్నె కనిపిస్తే చాలు, వాడు ఏడుపు అందుకునేవాడు. వాడు తిండిని కాదు, నన్ను తిరస్కరిస్తున్నాడని తెలుసుకోవడానికి నాకు రెండో కాన్పుదాకా పట్టింది.

బిడ్డ తల తిప్పుకుంటే, పెదవులు బిగిస్తే, చెంచాను నెడితే "చాలు" అని చెబుతున్నట్టు. ముందుకు వంగి నోరు తెరిస్తే "ఇంకా కావాలి" అన్నట్టు. ఈ సైగలు చదవడం నేర్పితే ఫలితం ఉంటుందని మన దగ్గరే తేలింది. నల్గొండ జిల్లా గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 60 గ్రామాలను మూడు వర్గాలు చేసి 600 మంది తల్లీబిడ్డలతో ఒక అధ్యయనం చేశారు. 2013లో ప్రచురించారు. ఒక వర్గానికి అంగన్‌వాడీ సేవలు మాత్రమే, రెండో వర్గానికి ఏం పెట్టాలో కూడా చెప్పారు, మూడో వర్గానికి ఎలా పెట్టాలో, బిడ్డతో ఎలా ఆడాలో కూడా నేర్పారు. నేర్పింది డాక్టర్లు కారు. శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్లే రెండు వారాలకోసారి ఇంటికి వెళ్లారు. నేర్చుకున్న తల్లుల పిల్లల తిండి మెరుగైంది, మూడో వర్గం పిల్లల మానసిక వికాసం కూడా ముందుంది. ఈ అధ్యయనాన్ని దాతలు ఒకటికి రెండుసార్లు చదవాలని నా కోరిక.

సరే, ఆ అమ్మాయి సంగతి. పండగ అయ్యాక చిరునామా వెతుక్కుని, ఆ పప్పు పొట్లం పట్టుకుని వెళ్లాను. దాదీ మొబైల్‌లో బొమ్మలు చూపిస్తుంటే తల్లి వెనక నుంచి ముద్ద కుక్కుతోంది. మొబైల్ పక్కన పెట్టించాం. పాపను పడుకోబెట్టకుండా నిటారుగా, దస్తర్‌ఖాన్ దగ్గర అందరితో కూర్చోబెట్టాం. పాపకు వేరే గిన్నె పెట్టి, మెదిపిన పప్పన్నంలో నెయ్యి, మెత్తగా ఉడికించిన చెంచాడు ఖీమా కలిపాం. ఖీమా పసిపిల్లలకు అరగదని దాదీ అడ్డం పడ్డారు. ఆరు నెలలు దాటిన బిడ్డకు మెత్తటి మాంసం, గుడ్డు పెట్టవచ్చని, ఇనుము అందులోనే బాగా దొరుకుతుందని చెప్పి ఒప్పించాను. తేనె మాత్రం ఏడాది నిండేదాకా వద్దన్నాను. తేనెలో శిఫా లేదని కాదు, అరుదుగా అందులో ఉండే ఒక క్రిమి పసిపేగుల్లో విషం తయారు చేస్తుంది. పాప మొదటి ముద్ద ఉమ్మింది. రెండోది చేత్తో పిసికి జుట్టుకు రాసుకుంది. మూడోది మింగింది. అరగంటలో ముగించి గిన్నె తీసేశాం, మిగిలిన దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

వాళ్లాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అల్‌బఖరా సూరా 233వ వాక్యంలో పాలు మాన్పించే మాట తల్లిదండ్రులిద్దరూ సంప్రదించుకుని, ఇష్టపడి చేయాలని ఉంది కదా బాబూ, తినిపించడంలో నీ వంతు ఏది అని అడిగాను. నవ్వి, చెంచా అందుకున్నాడు.

ఉమ్మిన ప్రతి బిడ్డకూ ఓపిక ఒక్కటే మందు కాదు. తల్లిపాలు కూడా వద్దంటున్నా, నోట్లో తెల్లటి పొర కనిపించినా, మింగేటప్పుడల్లా దగ్గినా, వాంతులు ఆగకపోయినా, మూత్రం తగ్గినా, మందకొడిగా ఉన్నా, నెలనెలా బరువు పెరగకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అంగన్‌వాడీలో బరువు తూచే సదుపాయం ఉంది, ఏడు నెలల నుంచి మూడేళ్లదాకా బాలామృతం ఇస్తారు. మన బస్తీలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఇక పాలడబ్బాలు. మంచి మనసుతోనే కొందరు దాతలు వాటి కోసం డబ్బు పంపుతున్నారు. 1992లో వచ్చిన శిశుపాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం పాలడబ్బాలు, పాలసీసాలు అనాథాశ్రమానికి తప్ప ఇంకెవరికీ దానంగా పంచకూడదు. శుభ్రమైన నీళ్లు లేని ఇంట్లో, నెలంతా రావాలని పలచగా కలిపిన పొడి బిడ్డకు ఏం చేస్తుందో నేను చెప్పనక్కర్లేదు. వచ్చే రంజాన్ కిట్‌లో పసిబిడ్డ ఉన్న ఇంటికి బిస్కెట్ పాకెట్ల బదులు గుడ్లు, పెసరపప్పు, ఒక చిన్న స్టీలు గిన్నె, చెంచా పెడదామని, బస్తీలోనే చదువుకున్న ఇద్దరు ఆడవాళ్లకు శిక్షణ ఇప్పించి, రెండు వారాలకోసారి ఆ ఇళ్లకు పంపి నెలకింత ఇద్దామని కమిటీకి రాసి ఇచ్చాను. ఆ ఇద్దరిలో ఒకరిగా ఆ పాప తల్లి పేరే రాశాను. ఆమె ఇంకా ఒప్పుకోలేదు, పాపకు ఏడాదిన్నర నిండాక చూద్దామంది.