పసిబిడ్డ మూత్రం – మేనరికపు దంపతులు తెలుసుకోవలసిన సంగతి

బిడ్డ నిండు బరువుతో పుడుతుంది. రెండు మూడు రోజులు పాలు బాగానే తాగుతుంది. ఆ తరువాత పాలు పట్టదు. వాంతులు, ఆయాసం, మత్తు, ఒక్కోసారి మూర్ఛ. కొందరు బిడ్డలు వారం తిరక్కుండానే పోతారు. మన వైపు దీన్ని బాలారిష్టమనో, తల్లిపాలు పడలేదనో అంటారు. రెండో బిడ్డ కూడా అలాగే పోతే నింద కోడలి మీద పడుతుంది. ఇది అన్యాయం.

ఇలాంటి జబ్బు చాలామందికి సూక్ష్మక్రిముల వల్ల వస్తుంది. కాని కొందరిలో కారణం పుట్టుకతో వచ్చిన లోపం. పాలలోని మాంసకృత్తులు అరిగాక, వాటిని మెట్టు మెట్టుగా విడగొట్టడానికి శరీరంలో ఎంజైములు ఉంటాయి. ఒక్క ఎంజైము లోపించినా పని అక్కడే ఆగుతుంది. లాకు మూసేస్తే కాలువ ఎగువన నీళ్లు నిలిచినట్లు, విరగని ఆమ్లాలు రక్తంలో పేరుకొని మూత్రంలోకి దిగుతాయి. కడుపులో ఉన్నంతకాలం తల్లి శరీరమే వాటిని తీసివేస్తుంది గనుక పుట్టినపుడు ఏమీ తెలియదు.

1934లో నార్వేలో ఒక తల్లి తన ఇద్దరు పిల్లల దగ్గర వింత వాసన వస్తోందని పట్టు విడవలేదు. డాక్టర్ ఫోలింగ్ పరీక్షించగా వారి మూత్రంలో ఫినైల్ పైరువిక్ ఆమ్లం బయటపడింది. కనుక వాసనను తేలికగా తీసుకోకండి. ఒక జబ్బులో మూత్రం మాడిన పంచదార వాసన వేస్తుంది (ఉయ్యూరు వైపు వారికి పాకం వాసన వేరే చెప్పాలా!). మరొక జబ్బులో చెమట పట్టిన పాదాల వాసన. అయితే వాసన లేనంత మాత్రాన జబ్బు లేదనుకోరాదు.

లోపపు జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి రావాలి. వారిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. మేనమామకు, మేనకోడలికి జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి. మేనత్త కొడుక్కి, మేనమామ కూతురికి ఎనిమిదో వంతు. అందుకే మేనరికంలో ఈ భయం ఎక్కువ. ఇద్దరిలోనూ లోపముంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక పాలు ప్రమాదం ఉంటుంది. ఒక బిడ్డకు వచ్చింది గదా, తరువాతి ముగ్గురికీ రాదనే లెక్క తప్పు.

బిడ్డ జబ్బుగా ఉన్నప్పుడే రెండు మూడు చెంచాల మూత్రం పట్టించి, గడ్డకట్టించి, ఆర్గానిక్ ఆమ్లాల పరీక్షకు పంపమని డాక్టరును అడగండి. తల్లిదండ్రుల మూత్రంలో ఇది కనబడదు. త్వరగా తేలితే కొన్నిటికి ప్రత్యేక ఆహారం, ఒక రకానికి బి12 ఇంజెక్షన్లు పనిచేస్తాయి. డాక్టరు చెప్పకుండా తల్లిపాలు మాత్రం మాన్పకండి.

బిడ్డను ఇదివరకే పోగొట్టుకున్నారా? కారణం తేలేవరకు నిరోధ్, మాత్రలు లేదా కాపర్-టితో మరో కాన్పు వాయిదా వేయండి. తొందరపడి ఆపరేషను చేయించుకోకండి. హైదరాబాదులో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. సంస్థలు 2021 జాతీయ విధానం కింద అరుదైన వ్యాధులకు గుర్తింపు పొందిన కేంద్రం. లోపం ఏ జన్యువుదో తెలిస్తే, తరువాతి గర్భంలో మూడో నెలలోనే మాయ నుండి చిన్న ముక్క తీసి పరీక్షించవచ్చు. ఆడా మగా అన్నది మాత్రం చెప్పరు, అడగరాదు. వెళ్లేటప్పుడు పోయిన బిడ్డ ఆసుపత్రి కాగితాలన్నీ తీసుకెళ్లండి. దుఃఖంలో వాటిని చించి పారేసేవారు చాలామంది ఉన్నారు.