మన వేడినేలలో కూజామొక్క పెంపకము

వృక్షశాస్త్ర పాఠములలో కీటకములను తిను మొక్కల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల విద్యార్థులు మమ్మొక్క ప్రశ్నయే అడుగుచుందురు: "అయ్యా, కూజామొక్క మన యూరిలో బ్రతుకునా?" బ్రతుకును. మా పాఠశాల తోటలో నాలుగు వేసవులు దాటి బ్రతికియున్నది. అయినను నర్సరీనుండి దీనిని ముచ్చటపడి కొనిపోయినవారిలో పెక్కుమంది ఏడాది తిరుగకముందే ఎండిన కాడను పారవేయుచున్నారు. ఎండవేడిమికి చచ్చినదని వారనుకొందురు. మేము చూచినంతవరకు వేడిమికంటె పొడిగాలియు, బావినీరును, ఎరువును దీనికి ఎక్కువ శత్రువులు. ఏలయో తెలియవలెనన్న ముందుగా దీని పుట్టినిల్లు ఎట్టిదో చూడవలెను.

మన దేశమున సహజముగా పెరుగు కూజామొక్క జాతి యొక్కటే. దాని శాస్త్రనామము నెపెంతిస్ ఖాసియానా. జోసెఫ్ డాల్టన్ హుకర్ అను ఆంగ్లేయ వృక్షశాస్త్రజ్ఞుడు 1873 లో దానిని వర్ణించి ఆ పేరు పెట్టెను. మేఘాలయ రాష్ట్రమునందలి గారో, ఖాసీ, జయంతియా కొండలు దాని నివాసము. గారోలు దానిని 'మెమాంగ్ కోక్సి', అనగా దయ్యపుబుట్ట, అందురు. ఖాసీ కొండలలోని చెరపుంజియందు ఏడాదికి సగటున 11,000 మిల్లీమీటర్లకు పైబడి వాన కురియును. మన కోస్తాలో కురియునది సుమారు 1,000. 1860 ఆగస్టు మొదలు 1861 జూలై వరకు పన్నెండు నెలలలో అచ్చట 26,461 మిల్లీమీటర్లు పడినట్లు లెక్క యున్నది. ఇట్టి వాన ఏండ్లతరబడి కురియుటచే నేలలోని సారమంతయు కడుగుకొనిపోయి, నత్రజని మిక్కిలి తక్కువైన ఆమ్లపు మన్ను మిగులును. ఇతర వృక్షములు వేళ్లతో తెచ్చుకొను నత్రజనిని ఈ మొక్క పురుగులనుండి సంపాదించుకొనును. పేదనేలలో పుట్టినందువలననే వేట నేర్చినది.

ఇక కూజా సంగతి. అది పువ్వు కాదు, ఆకుకొన. ఆకు నడిమి యీనె ఆకును దాటి నులితీగెగా సాగి, చివర ఉబ్బి, క్రిందికి వ్రేలాడి మరల పైకి తిరిగి కూజాయగును. దానికొక మూత కలదు. పురుగు పడగానే మూత మూసికొనునని చాలమంది పిల్లలు తలతురు, మూయదు. ఒకసారి తెరచుకొన్న మూత కూజా ఎండువరకు తెరచియే యుండును. లోపలి రసము వాననీటితో పలుచబడకుండ అది గొడుగువలె కాపాడును. కూజా అంచుమీద ఊరు తేనెకై చీమలు వచ్చును. ఆ అంచు పొడిగా నున్నంతసేపు చీమ నిర్భయముగా నడచిపోవును. తడిసినప్పుడు దానిపై పలుచని నీటిపొర పరచుకొనుటచే కాలు ఆనక లోనికి జారును. ఈ కిటుకును 2004 లో శాస్త్రజ్ఞులు బోర్నియో దీవియందలి నెపెంతిస్ బైకాల్కరాటా అను జాతిమీద పరీక్షించి స్థిరపరచిరి. జారిపడినది పైకెక్కలేక రసములో మునిగి జీర్ణమైపోవును. కాబట్టి గాలిలో తేమ లేనిచోట కూజా పుట్టుటయే అరుదు. పుట్టినను వేట అంతంతమాత్రము. నులితీగె కొన నల్లబడి ఎండిపోవుచున్నచో గాలి పొడిగానున్నదని మొక్క చెప్పుచున్నట్లే.

నెపెంతిస్ వంశమున 150 కి మించిన జాతులున్నను అన్నియు మనకు పనికిరావు. బోర్నియోలోని కినబాలు పర్వతముమీది 'రాజా' మొదలగు కొండజాతులకు రాత్రివేళ చలి కావలెను. మన మే నెల రాత్రులు వానిని బ్రతుకనీయవు. వానికై డబ్బు వ్యయపరచుట నీటిలో పోయుటయే. అమెరికా ఖండమునందలి నిలువుకూజాల మొక్కకు, అనగా సర్రాసీనియాకు, చలికాలపు నిద్ర లేనిదే గడవదు. మనకు తగినవి పల్లపు జాతులు: దక్షిణ చైనానుండి ఆస్ట్రేలియా ఉత్తరభాగమువరకు వ్యాపించిన మిరాబిలిస్, మలేసియా ప్రాంతపు గ్రాసిలిస్, ఆంపుల్లేరియా, శ్రీలంకలోని డిస్టిల్లేటోరియా. వీనిలో ఆంపుల్లేరియా విచిత్రమైనది. చెట్లనుండి రాలిన ఆకులను కూడ కూజాలో పట్టుకొని వానినుండి పోషణ పొందును. నర్సరీలలో తరచుగా దొరకు వెంట్రాటా అను సంకరము ఓర్పుగలదే గాని నడివేసవిలో కూజాలు కట్టుట మానును. మా తోటలోనిది మిరాబిలిస్.

మన దేశపు ఖాసియానాయే పెంచరాదా యని కొందరడుగుదురు. అది 500 మొదలు 1,500 మీటర్ల ఎత్తున పెరుగునదైనను మన వేడిమిని కొంత ఓర్చుకొనును. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రింద అది రక్షిత వృక్షము. అనుమతిపత్రము లేనిదే దానిని పెంచుటకుగాని అమ్ముటకుగాని వీలులేదు. సైటీస్ అను అంతర్జాతీయ ఒడంబడికలో అది మొదటి అనుబంధమున చేరియున్నది. బొగ్గుగనులు, పోడు వ్యవసాయము, కొండలనుండి పెరికి అమ్మువారి ఆశ, ఈ మూడును కలిసి దానిని ఆ స్థితికి తెచ్చినవి. కావున ఎవరైనను "కొండనుండి తెచ్చిన అసలు మొక్క" యని చూపినచో ముట్టవలదు. నర్సరీలో కొమ్మనుండియో ప్రయోగశాలలోనో పెంచిన మొక్కనే అడిగి తీసికొనవలెను.

నీటినిగూర్చి కొంచెము విస్తరించి చెప్పవలెను, ఏలయన ఎక్కువ మొక్కలు చచ్చునది ఇచ్చటనే. మన బావులలోను బోర్లలోను సున్నము, ఉప్పు కరగియుండును. మనము త్రాగగలిగినను ఈ మొక్క త్రాగలేదు. ఒక్కదినమున ఏమియు కనబడదు. నీరు ఆవిరైపోగా ఉప్పు కుండీలో నిలిచి, నాలుగైదు నెలలకు ఆకుల అంచులు మాడి, వేళ్లు కుళ్లును. అప్పటికి యజమాని ఎండను నిందించును. వాననీరు ఉత్తమము. తొలివానకు కప్పుమీది దుమ్ము కడుగుకొనిపోయిన పిమ్మట పడిన నీటిని పీపాలో పట్టి, దోమలు గ్రుడ్లు పెట్టకుండ మూతిమీద గుడ్డ కట్టి నిలువ చేసికొనవలెను. రెండు మూడు మొక్కలకు రెండు పీపాల నీరు వేసవి గడచువరకు చాలును. వాననీరు చాలనిచో ఇండ్లలోని ఆర్.ఓ. యంత్రపు శుద్ధిజలము వాడవచ్చును. దాని ప్రక్కగొట్టమునుండి విడుచు నీరు మాత్రము బావినీటికంటె చెడ్డది. టి.డి.ఎస్. మీటరు దొరకినచో 50 లోపు చూపు నీరు నిశ్చింతగా పోయవచ్చును.

కుండీలో తోటమన్నుగాని నల్లరేగడిగాని ఉండరాదు. కొబ్బరిడొక్క ముక్కలు రెండు పాళ్లు, కట్టెబొగ్గు ముక్కలు ఒక పాలు, కడిగిన ముతక నదియిసుక ఒక పాలు కలిపి మేము వాడుచున్నాము. డొక్కలో ఉప్పుండును గనుక రెండు మూడు మారులు మంచినీటిలో నానవేసి, ఆ నీటిని పారబోయవలెను. మట్టికుండీ చల్లగానుండునే గాని ఉప్పును పీల్చి దాచుకొనును. ప్లాస్టిక్ కుండీయే మేలు. అడుగున రంధ్రములు ధారాళముగా ఉండవలెను. తడి ఎల్లప్పుడు ఉండవలెను గాని వేళ్లు నీటిలో మునిగి నిలువరాదు. ఆ వేళ్లు నల్లగా, సన్నగా, పెళుసుగా ఉండును. మాటిమాటికి పెరికి చూచు అలవాటు గల పిల్లలకు ఈ మొక్క నప్పగింపరాదు.

స్థలము విషయమున ఉదయపుటెండ తొమ్మిది గంటలవరకు తగులుట మంచిది. తరువాత సగము వెలుతురును ఆపు నీడవల పందిరి క్రిందనో, పలుచని చెట్టునీడలోనో ఉంచవలెను. మరీ చీకటిలో ఆకులు పొడవుగా సాగి కూజాలు కట్టవు. పడమటిగాలి మొదలైనప్పటినుండి అసలు పరీక్ష. మేము పందిరి పడమటివైపున వట్టివేళ్ల తడికెలు కట్టి దినమునకు నాలుగుమారులు తడుపుచున్నాము. కుండీల క్రింద ఇసుకతొట్టి పెట్టి దానిని గూడ తడిపియుంచుచున్నాము. తడికెలకును ఇసుకకును బావినీరే చాలును, మొక్కకు తగులకుండిన సరి. ఇసుక పైని రెండిటుకలు పెట్టి కుండీని వానిమీద నిలుపవలెను. సముద్రతీర గ్రామములవారికి ఈ శ్రమ సగము తగ్గును. రాయలసీమలోను తెలంగాణములోను పొడిగాలి యెక్కువ గనుక రోహిణీకార్తెలో కొత్త కూజాలు రాకున్నను దిగులుపడనక్కరలేదు. చిగురు పచ్చగా నున్నంతవరకు మొక్క క్షేమమే.

ఎరువు వేయకూడదు. పెంటయు, యూరియాయు వేళ్లను మాడ్చివేయును. ఆహారమును చీమలే తమంతట తెచ్చి యిచ్చును. మా విద్యార్థి యొకడు మొక్కమీది ప్రేమచేత వేటమాంసపు ముక్కను కూజాలో వేసెను. మూడవనాటికి కూజా కుళ్లి నల్లబడి, తరగతి మొత్తము ముక్కు మూసికొనవలసి వచ్చినది. విప్పారని కూజాలో కూడ మొక్క స్వయముగా ఊరించిన రసముండును, దానిని పారబోయరాదు. ప్రయాణములో ఒలికిపోయినచో కూజాలో నాల్గవవంతు వాననీరు పోసిన చాలును. పిండినల్లి పట్టినప్పుడు తడిదూదితో తుడిచివేయవలెను.

ఈ జాతిలో ఆడమొక్కలు వేరు, మగమొక్కలు వేరు. గనుక విత్తనములు మనకు సులభముగా దొరకవు. కొమ్మ నాటుటయే మార్గము. రెండు మూడు కణుపులు గల ముక్కను కోసి, ఆకులను సగమునకు కత్తిరించి, తడిసిన కొబ్బరిపొట్టులో గ్రుచ్చి, పైన ప్లాస్టిక్ సీసా బోర్లించి నీడలో నుంచినచో రెండు నెలలలోపల సామాన్యముగా వేళ్లు పట్టును. తొలకరి పడిన పిదప మా మిరాబిలిస్ తీగెను కత్తిరింతుము. ఆరు కొమ్మలు రావచ్చును. కోరు విద్యార్థులు సెలవులలోనే డొక్కముక్కలు నానవేసి సిద్ధపరచుకొని, కుండీతోపాటు రెండు లీటరుల వాననీరు తమ యింట పట్టి తీసికొనిరావలెను. నీరు తెచ్చినవారికే కొమ్మ.