డ్రైవర్ పని, మేస్త్రీ పని

కోవెంట్రీ,
ఆదివారం రాత్రి

చిరంజీవి బుజ్జికి,

నువ్వు పోర్షే బాక్స్‌స్టర్ కారు కొన్నావని మీ అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాత నీ ఫొటోలు వచ్చాయి. 2001 మోడల్, 3.2 లీటర్ల ఎస్, 91 వేల మైళ్లు. రంగు బాగుంది, సీట్లు బాగున్నాయి, పై గుడ్డ కూడా చిరగలేదు. నువ్వడిగింది ఒక్కటే: "సర్వీసింగ్ ఇంట్లో చేసుకోనా, గ్యారేజీకి ఇవ్వనా?" ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు.

మీ తాతయ్యకు రెండు లారీలు ఉండేవని నీకు తెలుసు కదా. టాటా 1210లు. బడి సెలవుల్లో బండితోపాటు నేనూ ఆటోనగర్ వెళ్లేవాణ్ణి. అక్కడ కమాను కట్టలు చేసే కొట్టు వేరు, రేడియేటర్‌కి మాటు వేసే కొట్టు వేరు, డీజిల్ పంపు విప్పేవాడు వేరు, సెల్ఫ్ మోటార్ చూసేవాడు వేరు. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టేవారు కాదు. మా ఇంజన్ మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఏ సిలిండర్ దగ్గర కొడుతోందో చెప్పేవాడు. అంతటివాడు బండి షెడ్డులోకి రాగానే మొదట అడిగేది డ్రైవర్నే: "పొద్దున ఆయిల్ చూశావా? నీళ్లు ఎంత పోశావు? ఏ గేరులో మోత వస్తోంది?" జవాబు చెప్పలేని డ్రైవర్‌ని మా నాన్న ఎదుటే నిలదీసేవాడు. చూడటం డ్రైవర్ పని, విప్పడం మేస్త్రీ పని అనేవాడు.

నేను పదకొండేళ్లుగా 1999 బాక్స్‌స్టర్ నడుపుతున్నాను. నాది పాత 2.5 లీటర్ల ఇంజన్. ఈ పదకొండేళ్లలో ఆ మేస్త్రీ మాటను మించిన సలహా నాకెక్కడా దొరకలేదు. నీ కారు విషయంలోనూ గీత అక్కడే గీసుకో.

ముందు ఆయిల్ సంగతి. ఇది నువ్వే మార్చు. ఏడాదికోసారి, లేదా 5,000 మైళ్లకోసారి, ఏది ముందొస్తే అది. కంపెనీ పుస్తకంలో ఇంతకంటే చాలా ఎక్కువ గడువు రాసి ఉంటుంది. అది కొత్త కారుకు రాసిన లెక్క. నీ ఇంజన్‌కు 8 లీటర్ల పైనే పడుతుంది కాబట్టి చిన్న తొట్టి పెట్టి డ్రెయిన్ ప్లగ్ విప్పావంటే వాకిలంతా నూనే. ప్లగ్ కింద ఉండే వాషర్ ప్రతిసారీ కొత్తది వెయ్యి. బిగింపు 50 న్యూటన్ మీటర్లు, ఫిల్టర్ డబ్బాకు 25. చేతి అంచనా మీద బిగించకు. సంప్ అల్యూమినియంది. ఒకసారి త్రెడ్ పోతే ఆయిల్ మార్పుతో మిగిల్చుకున్నదంతా దానికే ఖర్చవుతుంది.

కానీ ఈ పని నువ్వే చెయ్యమన్నది డబ్బు కోసం కాదు. పాత ఫిల్టర్ కోసం. దాన్ని పారెయ్యకు. కాగితం మడతలన్నీ కత్తిరించి, తెల్ల పళ్లెంలో పరిచి, మంచి వెలుతురులో చూడు. గోధుమ రంగు ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే టైమింగ్ గొలుసు నడిచే పట్టాలు అరుగుతున్నాయన్న మాట. మెరిసే పొడి కనిపిస్తే అయస్కాంతం దగ్గర పెట్టు. అంటుకుంటే ఉక్కు, బేరింగ్‌ని అనుమానించాలి. అంటుకోకపోతే బహుశా అల్యూమినియం. గ్యారేజీలో రోజుకు ఎన్నో కార్లు చూసే కుర్రాడికి నీ ఒక్క ఫిల్టర్‌ని మడత మడతా విప్పి చూసే తీరిక ఎక్కడిది? నీకుంది. ప్రతి ఏటా ఫొటో తీసి దాచు. పోయినేటి ఫొటో పక్కన ఈ ఏటిది పెట్టి చూస్తే, ఏ యంత్రమూ చెప్పని సంగతి తెలుస్తుంది. తీసిన నూనెను మీ కౌన్సిల్ రీసైక్లింగ్ కేంద్రంలో ఇస్తే తీసుకుంటారు.

రెండోది నీళ్ల దారులు. చిన్న పనిలా కనిపిస్తుంది, కాని ఈ కార్లను బాగా పాడుచేసేవాటిలో ఇదొకటి. పై గుడ్డను సగం తెరిచి ఆపితే, వెనక రెండు మూలల్లో రంధ్రాలు కనిపిస్తాయి. వాననీళ్లు వాటిగుండా కిందికి పోవాలి. చెట్టు కింద నిలిపిన కారుకు అవి ఆకులతో మూసుకుపోతాయి. నీళ్లు లోపలికి దిగి కార్పెట్ కిందికి చేరతాయి. తాళాన్ని గుర్తుపట్టే ఎలక్ట్రానిక్ పెట్టె సరిగ్గా సీటు కిందే ఉంటుంది. అది తడిసిందా, కారు నీ తాళాన్నే గుర్తుపట్టదు. నీ ఇంటి ముందు మేపుల్ చెట్టుందని ఫొటోలో చూశాను. అక్టోబరు నుంచి వారానికోసారి వేళ్లతో ఆకులు తీసెయ్యి. ముందు బంపర్ వెనక రేడియేటర్ల మధ్య కూడా ఆకులు పేరుకుంటాయి. తడిసి కుళ్లి, ఏసీ కండెన్సర్లను తినేస్తాయి. బంపర్ విప్పడం ఒక మధ్యాహ్నం పని, ఏడాదికోసారి చేస్తే చాలు.

టైర్ల గాలి, టైర్ల వయసు, కూలెంట్ మట్టం, గాలి ఫిల్టర్, బ్యాటరీ, ఇవన్నీ నీవే. టైర్ పక్క గోడ మీద ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. గాళ్లు లోతుగా ఉన్నాయని మురిసిపోకు. ఇలాంటి కార్లు చాలావరకు ఏడాదికి ఎక్కువ మైళ్లు తిరగవు. రబ్బరు అరగకముందే గట్టిపడిపోతుంది.

ఇప్పుడు అసలు కష్టమైన మాట. నీకు చేతి నైపుణ్యం ఉంది, నాకు తెలుసు. పదేళ్ల వయసులో మా ఇంటి మిక్సీ విప్పి మళ్లీ బిగించావు. అందుకే నీ గురించి భయపడుతున్నాను. చేతనైనవాడే చెయ్యకూడని దాంట్లో చెయ్యి పెడతాడు. నాలుగేళ్ల క్రితం ఒక చలిపొద్దున నా కారు స్టార్ట్ చెయ్యగానే వెనక నుంచి వీధంతా తెల్లటి పొగ. ఆయిల్ సెపరేటర్ లోపలి పొర చిరిగిందని వెంటనే తెలిసిపోయింది. పార్టు ఖరీదు పెద్దదేం కాదు. ప్లాస్టిక్ డబ్బా, రెండు గొట్టాలు, అంతే కదా అనుకున్నాను. ఈ కారులో ఇంజన్ సీట్ల వెనక దాక్కుని ఉంటుంది. పైనుంచి బానెట్ ఎత్తి చూసే వీలు లేదు. సీట్ల వెనక మూత, పై గుడ్డ కింద మరో మూత, ఆ రెండింటిలోంచే చెయ్యి దూర్చాలి. మణికట్టు పట్టినచోట పానా పట్టదు, పానా పట్టినచోట చూపు ఆనదు. ఇరవై ఏళ్ల ప్లాస్టిక్ గొట్టం నా చేతిలోనే బిస్కెట్టులా విరిగింది. సగం ముక్క లోపల ఉండిపోయింది. కారు మూడు వారాలు స్టాండ్ల మీద ఉంది. చివరికి లారీ మీద ఎక్కించి స్పెషలిస్టు దగ్గరికి పంపాను. అతను ఒక పూటలో చేసేశాడు. "ఇది ఎన్నిసార్లు చేసి ఉంటావు?" అని అడిగితే లెక్క చెప్పలేక నవ్వాడు.

మనం గ్యారేజీకి డబ్బిచ్చేది లిఫ్ట్ కోసం, పనిముట్ల కోసం అనుకుంటాం. నిజానికి అతను అదే లోపాన్ని అన్నిసార్లు చూశాడే, దానికి ఇస్తున్నాం. ఏ బోల్టు తుప్పు పట్టి విరుగుతుందో విప్పకముందే అతనికి తెలుసు. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఎగ్జాస్ట్ బోల్టులు అతుక్కుపోతాయి. వాటిని ఎర్రగా కాల్చి విప్పడం అతనికి రోజువారీ పని. నీ వాకిట్లో అదే పనికి ఒక ఆదివారమంతా పోతుంది.

ఇక ఐఎమ్‌ఎస్ బేరింగ్. నువ్వు కొనేముందే దీని గురించి చదివే ఉంటావు. క్రాంక్ షాఫ్ట్ నుంచి క్యామ్‌ల వైపు తిరుగుడును మోసుకెళ్లే మధ్య షాఫ్ట్ ఒకటుంది. దాని చివర బేరింగ్‌ని గ్రీజు నింపి మూసేసి బిగించారు. ఏళ్లు గడిచేకొద్దీ సీలు గట్టిపడుతుంది, ఇంజన్ ఆయిల్ లోపలికి చొరబడి గ్రీజును కడిగేస్తుంది. బేరింగ్ విడిపోతే టైమింగ్ తప్పుతుంది, వాల్వులూ పిస్టన్లూ కొట్టుకుంటాయి, ఇంజన్ పోతుంది. దీని మీద అమెరికాలో వ్యాజ్యం నడిచి 2013లో రాజీ కుదిరింది. నాలాంటి పాత కార్లలో ఎక్కువగా రెండు వరసల బంతుల బేరింగ్ ఉంటుంది. దాదాపు 2000 ప్రాంతంలో దాన్ని ఒక్క వరసకు మార్చారు, బలహీనమైనది ఆ ఒక్క వరసదే. నీది ఏదో గేర్‌బాక్స్ దించి చూస్తే తప్ప ఖాయంగా తెలియదు. అందుకే క్లచ్ మార్చే రోజున దీన్నీ మార్పించు. గేర్‌బాక్స్ ఎలాగూ దిగుతుంది, వెనక ఆయిల్ సీల్ కారుతుంటే అదీ అప్పుడే అయిపోతుంది. ఈ పని మాత్రం వాకిట్లో వద్దు. క్రాంక్‌ని సరిగ్గా నిలిపి, క్యామ్‌లను లాక్ చేసి, టెన్షనర్లు తీశాకే బేరింగ్ బయటికి లాగాలి. ఒక్క అడుగు తప్పితే ఏ ప్రమాదాన్ని తప్పిద్దామని మొదలుపెట్టావో అదే చేతులారా తెచ్చుకున్నట్టు.

గ్యారేజీ అంటే గుడ్డిగా నమ్మమని కాదు. ఒకసారి ఒక గ్యారేజీ నా సర్వీస్ పుస్తకంలో బ్రేక్ ఫ్లూయిడ్ మార్చినట్టు ముద్ర వేసి, బిల్లు చేతిలో పెట్టింది. ఆ నెలలోనే నేను ప్యాడ్లు మార్చడానికి చక్రాలు విప్పితే బ్లీడ్ నిపుల్స్ మీది తుప్పు చెక్కుచెదరకుండా ఉంది. పానా తగిలిన గీత ఒక్కటీ లేదు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. తేమ పట్టిన ఫ్లూయిడ్ కొండ దిగేటప్పుడు మరిగితే పెడల్ మెత్తగా నేలకంటుతుంది. వాళ్లు డబ్బు వెనక్కిచ్చారు, క్షమాపణ చెప్పారు. కాని నేను చక్రం విప్పి ఉండకపోతే? ఇంట్లో పని చేసుకునేవాడిని మోసం చెయ్యడం కష్టం. నీ చేతులకు అంటిన మట్టి గ్యారేజీ బిల్లు చదవడం నేర్పుతుంది.

కాబట్టి బోర్డు చూడకు, మనిషిని చూడు. పెద్ద డీలర్ దగ్గరికి పార్టుల కోసం వెళ్లు. పాత మోడళ్ల పార్టులు పోర్షే క్లాసిక్ ద్వారా ఇప్పటికీ దొరుకుతాయి. పనికి మాత్రం ఈ కార్లే చూసే స్వతంత్ర స్పెషలిస్టుని వెతుక్కో. మొదటిసారి వెళ్లినప్పుడు కారు లిఫ్ట్ మీద ఉండగా నిన్ను కిందికి రానిస్తాడా, తీసిన పాత పార్టులు చూపిస్తాడా, "ఇది ఇప్పుడు అక్కర్లేదు" అని ఒక్క పనైనా వద్దంటాడా చూడు. మూడోది చేసేవాడు దొరికితే వదలకు. ఏడాదికోసారి ఎమ్‌ఓటీ (ఇక్కడ ఏటా జరిగే వాహన పరీక్ష) ముందు అతనితో పూర్తి తనిఖీ చేయించు. బ్రేక్ పైపుల తుప్పు, వెనక స్ప్రింగులు విరగడం లిఫ్ట్ మీద నిలబడి చూసేవాడికే బాగా కనిపిస్తాయి. నీ కారు పాత ఎమ్‌ఓటీ ఫలితాలు 2005 నుంచి ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. అన్నీ తీసి చదువు. ఏటా ఒకే హెచ్చరిక కనిపిస్తుంటే ఎవరూ పట్టించుకోలేదని అర్థం.

ఇంట్లో చేసిన ప్రతి పనికీ తేదీ, మైళ్లు, పార్టు నంబరు ఒక నోటుపుస్తకంలో రాయి, రసీదు అతికించు. అమ్మే రోజున ముద్రలు లేవని కొనేవాడు బేరమాడతాడు. శుభ్రంగా రాసిన పుస్తకం ముందు ఆ బేరం చాలాసార్లు నిలవదు. మర్నాడు ఆఫీసుకు కారు కావాలంటే ఆదివారం సాయంత్రం ఏదీ విప్పకు.

చివరిగా జాకీ సంగతి. ఈ కారును ఎక్కడపడితే అక్కడ ఎత్తకూడదు, నాలుగు మూలలా నిర్ణయించిన చోట్లున్నాయి. హైడ్రాలిక్ జాకీ సీల్ ఎప్పుడు వదులుతుందో ఎవరికీ తెలియదు. నా షెడ్డులో ఒక రాత్రి జాకీ దానంతటదే రెండంగుళాలు దిగిపోయింది. కారు స్టాండ్ల మీద ఉంది కాబట్టి కదల్లేదు. స్టాండ్లు లేకుండా, జాకీ ఒక్కదాని మీద నిలిచిన కారు కిందికి తల పెట్టనని నాకు మాట ఇవ్వు.

వచ్చే శనివారం పొద్దున రెడింగ్ వస్తున్నాను. నాలుగు స్టాండ్లు, టార్క్ రెంచి, నూనె తొట్టి నా డిక్కీలో ఉంటాయి. నువ్వు ఫిల్టరూ వాషరూ కొని ఉంచు. అత్తయ్య గోంగూర పచ్చడి పంపుతోంది. నేను వచ్చేదాకా కారు కిందికి దూరకు.

మీ
మావయ్య