చంద్రుడి మీద అవ్వ పేరు

రాచర్ల

చిరంజీవి అమ్ములుకు,

చంద్రుడి మీద ఒక గుంటకు మీ అవ్వ పేరు పెట్టిస్తామని, సర్టిఫికెట్ కూడా ఇస్తామని ఎవరో చెప్తే డబ్బు కడదామనుకుంటున్నట్టు రాశావు. చదివి కళ్ళు చెమర్చాయి తల్లీ. అయినా ఆ డబ్బు కట్టొద్దు. అక్కడ పేర్లు ఖాయం చేసేది అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒక్కటే. అది పేర్లు అమ్మదు. బతికున్నవాళ్ళ పేరు పెట్టదు, పోయినా కనీసం మూడేళ్ళు గడవాలన్నది ఇప్పటి నియమం.

మన అంతరిక్ష కార్యక్రమాన్ని నడిపిన విక్రమ్ సారాభాయ్ సంగతి చూడు. చంద్రుడి మీద మనకు నల్లగా కనిపించే లావా మైదానాల్లో మారే సెరినిటాటిస్ ఒకటి. ఆకాశం నుంచి వచ్చిపడిన రాయి దెబ్బకు అందులో ఎనిమిది కిలోమీటర్ల వెడల్పున గుంట పడింది. పక్కన నక్షత్రాల దూరం కొలిచిన బెస్సెల్ పేరున్న పెద్ద గుంట ఉండడంతో, దీన్ని బెస్సెల్ ఎ అంటూ వచ్చారు. సొంత పేరు లేదు. 1971 డిసెంబరు 30న సారాభాయ్ కన్నుమూశారు. 1973లో ఆ గుంటకు ఆయన పేరు పెట్టారు.

నాకు అంతకన్నా గొప్పగా తోచేది తర్వాత జరిగింది. రాకెట్ ప్రయోగాలకు శ్రీహరికోటను ఎంచుకున్న నాడు మన అంతరిక్ష కార్యక్రమానికి సారథి ఆయనే. అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్లు లేచింది 1971 అక్టోబరు 9న, ఆయన పోవడానికి దాదాపు మూడు నెలల ముందు. అదే శ్రీహరికోట నుంచి 2019 జులై 22న వెళ్ళిన చంద్రయాన్-2 ఆ గుంటను ఫొటో తీసింది. లోతు 1.7 కిలోమీటర్లని తేలింది. మన నల్లమలలో ఎంత ఎత్తు శిఖరాన్ని అందులో నిలబెట్టినా అంచు దాటదు.

ఆ డబ్బు టెలిస్కోపుకు దాచు, తక్కువైతే నేను వేస్తాను. బైనాక్యులర్లకు ఆ గుంట దొరకదు. పున్నమికి చూద్దామనుకోకు, నీడలుండవు, అంతా చదునుగా కనిపిస్తుంది. శుక్ల సప్తమి ప్రాంతంలో అక్కడ అప్పుడే పొద్దు పొడిచి ఉంటుంది, గుంట అంచులు నీడతో తేలతాయి. పంచాంగం చూసుకుని ఆ రోజులకు ఊరికి రా. మేడ మీద వీధిలైటు పడని మూల చూసి పెడతాను.

మీ తాతయ్య